రెండో క్యామ్‌షాఫ్ట్

ఆ వీధిలో ఆయన్ని అందరూ పదినిమిషాల మేస్త్రి అనేవారు. ఎవరు వచ్చి బండి ఎప్పటికవుతుందని అడిగినా, బానెట్ కింద నుంచి తల ఎత్తకుండా 'పది నిమిషాలు' అనేవాడు. ఆ పది నిమిషాలు ఒక్కోసారి సాయంత్రమయ్యేవి, ఒక్కోసారి మర్నాడయ్యేవి. బ్రేకులు చూపించుకుందామని వచ్చిన ఒక పెద్దమనిషి ఆ మాట నమ్మి, ఎదురుగా ఉన్న సెలూన్లో కూర్చుని గడ్డం గీయించుకుని, జుట్టు కత్తిరించుకుని, చివరికి ఉబుసుపోక రంగు కూడా వేయించుకుని ఇంటికి వెళితే భార్య తలుపు తీయలేదని వీధంతా చెప్పుకుని నవ్వేది. అయినా ఎవరూ ఇంకో షెడ్డుకి పోయేవారు కాదు. ఆయన చేతిలోంచి బయటపడిన బండి రెండేళ్ళ దాకా మళ్ళీ మెకానిక్ మొహం చూడదని అందరికీ తెలుసు.

షెడ్డు సన్నగా, పొడుగ్గా రైలు పెట్టెలా ఉండేది. పైన రేకులు, ముందు షట్టరు, వెనక గోడకి ఒక్క కిటికీ. పానాలు ఒక చెక్క మీద వరసగా వేలాడేవి. ఒక్కో పానా వెనక దాని ఆకారమే తెల్ల రంగుతో గీసి ఉండేది, ఏది లేకపోయినా ఇట్టే కనిపెట్టేలా. పనికి ఇంకొకరిని పెట్టుకోలేదు. ఇంకొకరి చేతిని నమ్మడం ఆయన వల్ల కాదు.

ఇంట్లో భార్య. పెళ్ళై ముప్ఫై నాలుగేళ్ళు. ముందు గదిలో అల్లిక మిషను పెట్టుకుని బడి పిల్లల స్వెట్టర్లు అల్లేది. ఆమె ఆయన్ని ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు, ఏమండీ అని కూడా అనలేదు. 'ఇదిగో' అనేది. కాఫీ ఇచ్చినా ఇదిగో, కోపం వచ్చినా ఇదిగో, సంతలో జనం మధ్య తప్పిపోయినా ఇదిగో. ఆ ఒక్క మాటలో ఎన్ని రకాలున్నాయో ఆయనకి తెలుసు. వెనక్కి తిరక్కుండానే ఇది ఏ ఇదిగోనో చెప్పేవాడు. ఒక్కగానొక్క కూతురు కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసే పని చేస్తూ, ఆ దుకాణం దగ్గరే గది తీసుకుని ఉండేది. ఆదివారాలు వచ్చేది. తండ్రి పోలికే, మాట తక్కువ, చెయ్యి నిదానం.

ఒక రోజు కోర్టులో స్టెనోగా చేసి రిటైరైన ఒకాయన షెడ్డుకి వచ్చాడు. చొక్కా జేబులో రెండు పెన్సిళ్ళు, చేతిలో చిన్న నోటుబుక్కు. పోయిన అన్నగారి పాత కారు పద్నాలుగేళ్ళుగా గుడ్డ కప్పుకుని పడి ఉందని, దాన్ని మళ్ళీ నడిచేలా చెయ్యాలని అడిగాడు. మేస్త్రి వెళ్ళి చూశాడు. ఇంజను బిగుసుకుపోయి ఉంది, ఎలకలు సీట్లలో కాపురం పెట్టాయి. కానీ వంకలు తిరిగిన ఆ పాత రేకు పని చూసేసరికి ఆయన కళ్ళు మెరిశాయి. ఒప్పుకున్నాడు. మేస్త్రి అన్న ప్రతి మాటనీ స్టెనో కొక్కేల్లాంటి షార్ట్‌హ్యాండ్ గిలుకు రాతలో రాసుకున్నాడు. అది ఆయన అలవాటు. ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే చెయ్యి ఆగదు.

ఆ ఇంజనుకి అయిదు నెలలు పట్టింది. విడి భాగాలన్నీ బావమరిది చూసిపెట్టాడు. మేస్త్రి భార్యకి తమ్ముడతను. పాత బండ్ల సామాన్లు అమ్ముతాడు. ఎక్కడెక్కడి గోదాముల్లోనో దూరి, తుమ్ముతూ బయటికొచ్చి, ఒక రబ్బరు వాషరు దొరికినా నిధి దొరికినట్టు ఫోన్ చేస్తాడు. అన్నిటికన్నా కష్టమైంది క్యామ్‌షాఫ్ట్. ఇంజను కడుపులో అడ్డంగా తిరిగే ఇనుప కడ్డీ అది. దాని మీద కోడిగుడ్డు ఆకారంలో ఎనిమిది బుడిపెలుంటాయి. అవి తిరుగుతూ వాల్వుల్ని ఎత్తితేనే ఇంజను ఊపిరి పీల్చడం, వదలడం. పాతది తుప్పు తినేసింది. ఎప్పుడో మూతపడిన ఒక డీలరు గోదాములో, మైనపు కాగితంలో చుట్టినవి చుట్టినట్టే రెండు కొత్తవి బావమరిదికి దొరికాయి. ఒకటి మేస్త్రికిచ్చాడు, రెండోది తన అలమరాలో దాచుకున్నాడు. ఇలాంటి సరుకు ఇప్పుడు పోతపోసే నాథుడు లేడని నెల రోజులు చెప్పుకు తిరిగాడు.

కొత్త క్యామ్‌షాఫ్ట్ వేసిన ఇంజనుకి మొదటి ఇరవై నిమిషాలూ ప్రాణగండం లాంటివి. స్టార్టవగానే వేగం పెంచి, ఆ ఇరవై నిమిషాలూ ఒకే వేగంలో ఉంచాలి. తగ్గించకూడదు. వేగంగా తిరుగుతున్నంత సేపే కింద నుంచి నూనె చిమ్మి ఆ బుడిపెలు తడుస్తాయి. తగ్గిస్తే పొడి ఇనుము మీద పొడి ఇనుము రాచుకుంటుంది. పైకి ఏమీ తెలియదు, ఇంజను చక్కగానే నడుస్తుంది. కానీ ఏదో ఒక బుడిపె నెత్తి మీద పొర లేచిపోతుంది, ఆ రోజుతో దానికి అరుగుడు మొదలు. ఈ సంగతి మేస్త్రికి పాతికేళ్ళుగా తెలుసు. ఎంతోమందికి చెప్పాడు కూడా.

ఆ రోజు గురువారం. పదకొండూ ముప్ఫై ఆరుకి ఇంజను స్టార్టయింది. పద్నాలుగేళ్ళ తర్వాత మొదటి ఉలికిపాటు, తర్వాత దగ్గు, తర్వాత ఒక్కసారిగా గొంతు విప్పింది. ఆయన వేగం పెంచి, గడియారం చూసుకుని, వేడి ముల్లు మీద కళ్ళు పెట్టి నిలబడ్డాడు. నాలుగు నిమిషాలయ్యాక జేబులో ఫోన్ మోగింది. భార్య.

పనిలో ఉన్న మనిషికి ఫోన్ చేయడం ఆమెకి నచ్చదు. ఏడాదికి రెండుసార్లు చేస్తే ఎక్కువ. అందుకే తీశాడు. ఇంజను హోరులో ఒక్క ముక్క వినపడలేదు. బయటికి పోదామంటే ముల్లు చూసేవాళ్ళు లేరు. చెయ్యి దానంతటదే వెళ్ళి వేగం తగ్గించింది.

"ఇదిగో, కుడి చెయ్యి అదోలా ఉంది," అంది ఆమె. "కప్పు రెండుసార్లు జారిపోయింది."

మాట కాస్త ముద్దగా ఉంది. నోట్లో ఏదో పెట్టుకుని మాట్లాడుతోందనుకున్నాడు. పొద్దుట్నుంచీ మిషను మీదే కూర్చున్నావా అని అడిగాడు. తిమ్మిరెక్కి ఉంటుందన్నాడు. ఆమె కాదని ఏదో చెప్పబోయి, మాట దొరకనట్టు ఆగి, మళ్ళీ మొదలుపెట్టి, మళ్ళీ ఆగింది. ఆయన చెవి సగం ఆమె వైపు, సగం తగ్గిన ఇంజను వైపు ఉంది.

"పది నిమిషాలు," అన్నాడు. "ఇంజను మీదున్నాను, ఆపకూడదు. వచ్చేస్తా."

"సరే, మీ పని కానివ్వండి," అంది. అని కూడా ఫోన్ పెట్టలేదు. కాసేపు ఊపిరి వినపడింది. చివరికి ఆయనే పెట్టేశాడు. నాలుగు నిమిషాలు గడిచాయి. గబగబా వేగం పెంచి, మిగతా సమయం తిప్పాడు.

తర్వాత మర్చిపోయాడంటే పూర్తిగా నిజం కాదు. గుర్తొస్తూనే ఉంది. నూనె ఎక్కడైనా కారుతోందా అని చూసేటప్పుడు గుర్తొచ్చింది. కార్బురేటరు సరిచేసేటప్పుడు గుర్తొచ్చింది. కానీ ఇంజను అంత బాగా పాడుతోంది. గ్లాసు నిండా నీళ్ళు పోసి దాని నెత్తిన పెట్టాడు. నీళ్ళు చెదరలేదు. స్టూలు లాక్కుని, దాని ముందు కూర్చుని, ఊరికే విన్నాడు. ఎంతసేపు విన్నాడో తెలియదు. చేతులు కడుక్కుని ఇంటికి వెళ్ళేసరికి రెండూ ఇరవై.

ఆమె వంటింటి గుమ్మంలో సగం లోపల, సగం బయట పడి ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. నోరు ఒక పక్కకి లాగేసింది.

ఆసుపత్రి చేరేసరికి మూడు. కూతురు దుకాణం నుంచి నేరుగా వచ్చి అప్పటికే అక్కడ నిలబడి ఉంది. డాక్టరమ్మ చిన్న వయసుది, పరుగులాంటి నడక. పరీక్షలన్నీ చేస్తూనే తల తిప్పి అడిగింది, ఇది ఎప్పుడు మొదలైంది, ఆమె బాగా ఉండగా చివరిసారి ఎవరు చూశారు, ఎవరు మాట్లాడారు అని.

"పొద్దున ఎనిమిదింటికి చూశాను," అన్నాడు ఆయన. "నేను బయల్దేరేటప్పుడు బాగానే ఉంది. తర్వాత తెలీదు."

ఎందుకలా అన్నాడో ఆయనకే అర్థం కాలేదు. కూతురు మొహంలోకి చూస్తుంటే ఆ మాటే వచ్చింది. డాక్టరమ్మ కాగితం మీద రాసుకుంది. మెదడులో గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే ఇంజక్షను ఒకటుందని, మొదలైన నాలుగున్నర గంటల లోపైతేనే దాన్ని ఇవ్వగలమని, ఎనిమిది నుంచి లెక్కేస్తే ఆ వేళ దాటిపోయిందని, తెలియని వేళ మీద ఇవ్వడం ప్రమాదమని కూతురికి నెమ్మదిగా చెప్పింది. ఆయన పక్కనే నిలబడి విన్నాడు. పదకొండూ నలభై నుంచి మూడు దాకా వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. ఇంకా గంటకి పైగా ఉంది.

నోరు తెరిచాడు. తెరిస్తే ఆమె ఫోన్ చేసిందని చెప్పాలి. చేస్తే ఏమన్నావని అడుగుతారు. పది నిమిషాలన్నానని చెప్పాలి. ఆ సిగ్గు బహుశా ఒక్క నిమిషం ఉండుంటుంది. అది తగ్గేలోపు డాక్టరమ్మ ఇంకో మంచం దగ్గరికి వెళ్ళిపోయింది. పరుగెత్తి వెళ్ళి చెప్పొచ్చు. ఆ మంచం పది అడుగుల దూరంలో ఉంది. ఆయన కాళ్ళు కదల్లేదు. నోరు మూసుకున్నాడు. ఆ తర్వాత ప్రతి నిమిషానికీ చెప్పడం ఇంకాస్త కష్టమవుతూ పోయింది. నాలుగూ పది దాటాక చెప్పినా ఉపయోగం లేకుండా పోయింది.

ఆమె బతికింది. ఇరవై రోజుల తర్వాత ఇంటికి తెచ్చారు. కుడి చెయ్యి, కుడి కాలు లేనట్టే. మాటలన్నీ పోయాయి, ఒక్కటి తప్ప. 'ఇదిగో' మిగిలింది. ఆకలేస్తే ఇదిగో, నొప్పేస్తే ఇదిగో, కిటికీలో వెలుగుకి ఇదిగో, పగటిపూట వచ్చే నర్సుకి ఇదిగో, చెంచాకి ఇదిగో. ఒకప్పుడు ఆ మాట ఆయనదొక్కడిదే. ఇప్పుడు ఇంట్లో ఎవరు కదిలినా, ఏది కదిలినా ఆమె అదే అనేది, ఒకే గొంతుతో. ఆయన ప్రతిసారీ ఉలిక్కిపడి తిరిగేవాడు.

కూతురు గది ఖాళీ చేసి వచ్చేసింది. అల్లిక మిషను మీద దుప్పటి కప్పి గోడవారకి జరిపి, ఆ చోట తల్లి మంచం వేసింది. పొద్దున్నే తల్లికి స్నానం చేయించి, కుడి చేతిలో రబ్బరు బంతి పెట్టి వేళ్ళు ఒక్కొక్కటీ మూసి తెరిచి, తర్వాత పనికి పోయేది. తండ్రితో మాట్లాడేది కానీ అవసరమైనంతే. ఏ మందు అయిపోయింది, ఏ పూట ఎంత తింది, అంతే. అలసిపోయిందిలే అనుకున్నాడు. అలా అనుకోవడమే ఆయనకి సుఖంగా ఉండేది. బావమరిది ప్రతి ఆదివారం వచ్చి అక్క కాళ్ళ దగ్గర కూర్చుని, దుకాణంలో ఎలకలు చేసే ఆగడాలు చెప్పి నవ్వించాలని చూసేవాడు. ఆ సమయంలో ఒంటరిగా ఉండిపోయింది పాపం, ఎవరినైనా పిలుద్దామంటే చెయ్యి ఆడలేదేమో అని ప్రతిసారీ అనేవాడు. మేస్త్రి లేచి నీళ్ళు తాగడానికి వెళ్ళేవాడు.

ఏడు నెలల తర్వాత స్టెనో కారు తిరిగొచ్చింది.

"మంగళవారం నుంచి టిక్కు టిక్కుమంటోంది మేస్త్రీ," అన్నాడు స్టెనో. "మొదట గడియారమనుకున్నాను. తర్వాత గుర్తొచ్చింది, ఈ కారులో గడియారం లేదు."

మేస్త్రి బానెట్ ఎత్తకముందే ఆ చప్పుడు పోల్చుకున్నాడు. పై మూత తీసి, ఇంజనుని చేత్తో తిప్పి చూశాడు. ఏడు వాల్వులు నిండుగా లేస్తున్నాయి. మూడో సిలిండరుది ఒకటి నిద్రమత్తులో ఉన్నట్టు కొంచెం లేచి పడిపోతోంది. రేడియేటరు దించి, ముందు జాలీ విప్పి, క్యామ్‌షాఫ్ట్‌ని రెండు చేతులా పట్టుకుని మెల్లగా బయటికి లాగాడు. ఏడు బుడిపెలు కొత్త వాటిలా మెరుస్తున్నాయి. ఒక్కటి మాత్రం చప్పరించి ఉమ్మిన పిప్పరమెంటు బిళ్ళలా నున్నగా, గుండ్రంగా అరిగిపోయి ఉంది. దాని మీద బొటనవేలు పెట్టి నిలబడ్డాడు. ఆ నాలుగు నిమిషాలూ చేతికి తగిలాయి.

స్టెనో నోటుబుక్కు తీసి, పెన్సిలు ఆనించి, "కారణం ఏమని రాసుకోమంటారు?" అని అడిగాడు. నింద వేయడానికి కాదు, అది ఆయన పద్ధతి.

"లోహం మెత్తన సార్," అన్నాడు మేస్త్రి. "పాత సరుకు కదా, పోతలో లోపం."

పెన్సిలు కాగితం మీద రెండు మెలికలు తిరిగింది. ఒక కాగితం మీద తన నోటి నుంచి అబద్ధం ఎక్కడం ఇది రెండోసారి.

ఆ మాట రెండు రోజుల్లో బావమరిది చెవిన పడింది. అతనికి తల కొట్టేసినట్టయింది. సరుకు దొరక్కపోతే లేదంటాడు కానీ పనికిరానిది అంటగట్టిన మచ్చ లేదు, అదీ సొంత బావకి. షెడ్డుకొచ్చి, అరిగిన క్యామ్‌షాఫ్ట్‌ని గోనె గుడ్డలో చుట్టుకుని, ఏమీ అనకుండా పట్టుకుపోయాడు. లోహం గట్టిదనం కొలిచే యంత్రం ఒక సాంకేతిక కళాశాలలో ఉందని తెలిసి, అక్కడి మాస్టారిని బతిమాలి పరీక్ష చేయించాడు. ఆదివారం మధ్యాహ్నం కాగితంతో ఇంటికి వచ్చాడు.

ముందు గదిలో నలుగురూ ఉన్నారు. ఆమె కిటికీ పక్క కుర్చీలో దిండ్ల మధ్య కూర్చుని ఉంది. కూతురు ఎదురుగా పీట మీద కూర్చుని చెంచాతో జావ తాగిస్తోంది. బావమరిది కాగితాన్ని బల్ల మీద పరిచాడు.

"ఎనిమిది చోట్లా చూశారు బావా. అరిగిన దాని పక్కనా చూశారు. ఉండాల్సినంత గట్టిగానే ఉంది," అన్నాడు. గొంతులో కోపం లేదు, ఊరట ఉంది. "నా సరుకులో తప్పు లేదు. మరి ఏమై ఉంటుందంటావు?"

మేస్త్రి కాగితం మీదికి వంగాడు. బావమరిది తనే ఒక్కొక్కటీ అడుక్కుంటూ పోయాడు. నూనె మంచిదేనా. మంచిదే. బుడిపెల మీద ఆనే ట్యాపెట్లు కొత్తవేనా. కొత్తవే. మొదటి రోజు ఇరవై నిమిషాలూ ఒకే వేగంలో తిప్పావా.

తిప్పానని అనొచ్చు. ఆయన మాటకి ఎదురు చెప్పే సాక్షి ఎవరూ లేరు. కానీ ఏడు నెలలుగా ఒకే మాటని పళ్ళ బిగువున పట్టుకుని ఉన్న మనిషికి ఇంకో దాన్ని పట్టుకునే ఓపిక లేకపోయింది.

"నాలుగు నిమిషాలు తగ్గించాను," అన్నాడు.

"నువ్వా?" బావమరిది నవ్వేశాడు. "ఎందుకు?"

"ఫోనొచ్చింది."

"ఏ మహారాజు చేశాడు, ఇంజను తగ్గించి మరీ మాట్లాడావు?"

"మీ అక్క."

బావమరిది మొహంలో నవ్వు ఇంకా ఉండగానే కళ్ళు మారిపోయాయి. కారు మొదటిసారి స్టార్టయింది ఏ రోజో అతనికి తెలుసు. అందరికీ తెలుసు. కూతురు చెంచా గిన్నెలో పెట్టింది.

"పదకొండూ నలభైకి," అంది, తండ్రి వైపు చూడకుండా. "నాలుగు నిమిషాల పది సెకన్లు. మూడో రోజు అమ్మ ఫోను ఛార్జింగు పెట్టినప్పుడు చూశాను."

ఆయన తల ఎత్తి కూతురి వైపు చూశాడు.

"డాక్టర్ దగ్గరికి వెళ్ళి అడిగాను. పదకొండూ నలభైకి మాట్లాడిందని తెలిసుంటే ఇంజక్షను ఇచ్చేవాళ్ళా అని. ఇచ్చేవాళ్ళమంది. ఇచ్చినా కొందరికి నయమవుతుంది, కొందరికి కాదు, చెప్పలేమంది. నా మొహం చూసి ఆ చివరి ముక్క కలిపిందేమో తెలీదు." తల్లి గడ్డం మీద కారిన జావని తుడిచింది. "ఫోను సంగతి కాదు నాన్నా. పనిలో ఉంటే నువ్వెవరికైనా పది నిమిషాలే అంటావు. అది ఎవరికైనా జరుగుతుంది. కానీ ఆ డాక్టరు అడిగినప్పుడు నేను నీ పక్కనే ఉన్నాను. నువ్వే చెబుతావని చూశాను. ఏడు నెలలు చూశాను."

కుర్చీలోంచి ఆమె, "ఇదిగో," అంది. ముగ్గురూ అటు తిరిగారు. ఆమె ఎడం చెయ్యి గిన్నె వైపు చూపిస్తోంది. లేక గిన్నె వెనక నిలబడి ఉన్న ఆయన వైపు. చెప్పడానికి వీల్లేకపోయింది. కూతురు గిన్నె దగ్గరికి జరిపింది. ఆమె నోరు తెరవలేదు.

బావమరిది కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకోబోతే జేబు దొరకలేదు. రెండుసార్లు తడుముకున్నాడు. అక్క ముందు గొంతుక్కూర్చుని, జారిన శాలువా సర్ది, చెంప మీద చెయ్యి వేసి లేచాడు. ఎప్పుడూ గుమ్మం దగ్గర ఆగి, వెళ్ళొస్తా బావా అనేవాడు. ఆ రోజు అనలేదు.

మర్నాడు కూతురు పనికి పోయాక మేస్త్రి షెడ్డు తెరవలేదు. భార్య ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాడు. ఆ ఫోను గుర్తుందా అని అడిగాడు. వచ్చేస్తానని రాలేదని చెప్పాడు. వాళ్ళు అడిగితే తెలీదని అన్నానని చెప్పాడు. మెకానిక్కులు తప్పు ఒప్పుకునేటప్పుడు చెప్పినట్టు, ఏ వరసలో జరిగింది ఆ వరసలోనే చెప్పాడు. ఆమె ఆయన మొహం వంక కన్నార్పకుండా చూసింది. తర్వాత కిటికీ వైపు చూసింది. రెండుసార్లూ ఒక్కటే మాట, ఇదిగో. ఒకప్పుడు వెనక్కి తిరక్కుండా పోల్చేవాడు. ఇప్పుడు రెండు అడుగుల దూరంలో కూర్చుని, కళ్ళలోకి చూస్తూ, అది కోపమో, క్షమో, దాహమో ఆయనకి తెలియలేదు. గ్లాసుతో నీళ్ళిచ్చాడు. తాగింది.

బుధవారం బావమరిది దుకాణంలో పనిచేసే మనిషి ఒక పొడుగాటి మూట తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్ళాడు. విప్పితే మైనపు కాగితంలో రెండో క్యామ్‌షాఫ్ట్, పక్కన ఎనిమిది కొత్త ట్యాపెట్లు. చీటీ ఏమీ లేదు.

దాన్ని వేయడానికి తొమ్మిది రోజులు తీసుకున్నాడు. అరిగిన ఇనుము పొడి నూనెలో కలిసి ఇంజనంతా పాకి ఉంటుంది. అడుగు మూత దించితే నూనె ఎండలో వెండి పూతలా తళతళలాడింది. ప్రతి రంధ్రం కిరసనాయిలుతో కడిగాడు, ప్రతి బేరింగు విప్పి వేలితో తడిమాడు. బుడిపెలకి నల్ల పేస్టు పూసి, కొత్త కడ్డీని ఎక్కడా తగలకుండా లోపలికి పంపాడు. గొలుసు మీది గుర్తులు ఒకదానికొకటి ఎదురుగా పెట్టి, మూడుసార్లు తిప్పి చూశాడు. ఇంత శ్రద్ధగా ఆయన ఏ పనీ చేయలేదు. చేస్తున్నంత సేపూ ఇందువల్ల ఏమీ కాదని తెలుస్తూనే ఉంది.

స్టార్ట్ చేసి, వేగం పెంచి, గడియారం చూసుకున్నాడు. ఫోను చొక్కా జేబులో ఉంది. మోగలేదు. నాలుగు నిమిషాలయ్యేసరికి, ఇంతేనా అనిపించింది. ఇరవై నిమిషాలు ఎంత చిన్నవో ఆయనకి అంతకు ముందు తెలియదు. ఒక మనిషి టీ తాగి, గ్లాసు కడిగి పెట్టేంత. ఆ రోజు ఇంజను పూర్తిగా ఆపేసి ఇంటికి పోయుంటే మహా అయితే ఏమయ్యేది, క్యామ్‌షాఫ్ట్ పోయేది. అది పోతే తొమ్మిది రోజుల పని. ఆ లెక్క ఇప్పుడు కళ్ళ ముందే తిరుగుతోంది. ఇంజను మునుపటంత బాగానే నడిచింది. ఆయన లోపల ఏదో మూల, ఇది కూడా పాడైపోతే బాగుండునని ఉన్నట్టుంది. పాడవలేదు. ఇరవై నిమిషాలవగానే ఆపేసి, షట్టరు దించాడు.

స్టెనో వచ్చినప్పుడు, ముందు రాసింది కొట్టేయమన్నాడు. లోహం మంచిదే, మొదటి రోజు వేగం తగ్గించింది నేనేనని చెప్పాడు. స్టెనో పాత పేజీ వెతికి, గీత పెట్టి, పైన ఏదో రాశాడు. ఎందుకు తగ్గించారని అడగడానికి పెన్సిలు ఎత్తి, ఆయన మొహం చూసి, జేబులో పెట్టేసుకున్నాడు. అడగని ప్రశ్న ఆయన జీవితంలో అదొక్కటే అయి ఉంటుంది.

నెల తిరిగేలోగా బావమరిది, కూతురు కూడబలుక్కుని ఆమెని అతని ఇంటికి తీసుకుపోవాలని నిర్ణయించారు. అక్కడ మెట్లు లేవు, అతని భార్య పగలంతా ఇంట్లోనే ఉంటుంది, కూతురు దుకాణానికి నాలుగడుగులు. అన్నీ నిజమైన కారణాలే. మేస్త్రిని అడిగారు కూడా. ఆయన తల ఊపాడు. ఆమెని అడిగితే ఎడం చేత్తో తమ్ముడి మణికట్టు పట్టుకుంది. దాన్ని ఒప్పుకోవడంగానే తీసుకున్నారు. మంచం విప్పి తీసుకుపోయారు. అల్లిక మిషనుని ఎక్కడ పెట్టాలో తోచక గోడవారనే వదిలేశారు.

ఇప్పుడు ఆయన ఇంజన్లు విప్పడం లేదు. బ్రేకులు, క్లచ్చులు చూస్తాడు, నూనె మారుస్తాడు. ఎప్పటికవుతుందని ఎవరైనా అడిగితే, చెప్పలేను, ఉంటే ఉండండి అంటున్నాడు. అలవాటుపడ్డ జనానికి అది రుచించక కొందరు వేరే షెడ్డు చూసుకున్నారు. బావమరిది దుకాణం నుంచి సామాను కావాల్సి వస్తే అక్కడి పనివాళ్ళతోనే మాట్లాడి తెచ్చుకుంటాడు.

ఆదివారాలు పదింటికల్లా ఆ ఇంటికి వెళతాడు. కూతురు తలుపు తీస్తుంది, పక్కకి జరుగుతుంది. వారంలో ఏం తింది, ఎంత నిద్రపోయింది చెబుతుంది. ఆయన లోపలికి వెళ్ళి, భార్య కుడి చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని, చిటికెన వేలితో మొదలుపెట్టి ఒక్కొక్క వేలూ మూసి తెరుస్తాడు. అయిదు వేళ్ళు, ఒక్కో వేలికి ఇరవైసార్లు. ఆ చెయ్యి చల్లగా, మెత్తగా, ఎవరిదో అయినట్టు ఉంటుంది. అయ్యాక దాన్ని తిరిగి ఆమె ఒళ్ళో పెట్టి, శాలువా కప్పి లేస్తాడు. వంటింట్లోంచి అన్నానికి ఉండమని బావమరిది భార్య మర్యాదకి అడుగుతుంది. ఇంకో ఆదివారం చూద్దాంలే అని, చెప్పులేసుకుని బయల్దేరతాడు.